మా తోడల్లుడి నియామకంపై అభ్యంతరం

స్థానిక న్యాయాధికారుల ఎంపిక సంఘం కార్యదర్శి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: ఏడాదికి పైగా ఖాళీగా ఉన్న మా పట్టణ న్యాయాధికారి పదవికి తాము ఎంపిక చేసిన వ్యక్తి ప్రమాణ స్వీకారాన్ని నిలిపివేయవలసిందిగా కోరుతూ.

ఇదే కోర్టులో పాతికేళ్ళుగా ప్లీడరు వృత్తిలో ఉన్న నేను సవినయంగా విన్నవించుకొనునది ఏమనగా, సదరు ఎంపికైన వ్యక్తి నా తోడల్లుడు. మా ఆవిడ చెల్లెలి భర్త. అదే పదవికి నేనూ దరఖాస్తు చేశాను. ఈ రెండు సంగతులూ తామే కనిపెట్టి నా నోరు మూయించకముందే నేనే చెప్పేస్తున్నాను. కడుపుమంట ఉన్నవాడి మాటలో నిజం ఉండకూడదని ఏ చట్టంలోనూ లేదు.

1. పదవి ఖాళీగా ఉన్నదన్న ప్రకటనను తమ కార్యాలయం వారు ప్లీడర్ల విశ్రాంతి గదిలో, క్యారమ్స్ పోటీల కాగితం కింద అంటించారు. కుళాయి నీళ్ళు ఆగిపోతే వీధి వీధికీ మైకు పెట్టి చెబుతారు. న్యాయం ఆగిపోతే మైకు అక్కర్లేదా? ఆ ప్రకటన నా కంటపడనేలేదు. నాకు చెప్పింది మా తోడల్లుడే. "అన్నయ్యా, నువ్వూ వెయ్యి. నీకంటే అర్హుడెవరున్నారు?" అన్నాడు. ఆ మంచితనాన్ని నేనింకా అరిగించుకోలేకపోతున్నాను.

2. అభ్యర్థుల గుణగణాలను తాము కొందరు పెద్దమనుషులను చాటుగా అడిగి తెలుసుకుంటారు. ఎవరిని అడిగారో, వారేమన్నారో అభ్యర్థికి చెప్పరు. నా గురించి అడిగింది ఇళ్ళ యజమానుల సంఘం ప్లీడరు గారినని ఆయనే ఊరంతా చెప్పుకుంటున్నారు. ఆయన కక్షిదారుల్లో నేను కోర్టుకీడ్చని వారు లేరు. ఎలుక ఎలాంటిదని పిల్లిని అడిగితే ఏం చెబుతుందండీ? అద్దె ఇంట్లో ఒక్కరోజు కూడా ఉండనివాళ్ళను అడిగి, అద్దె కేసులు వినే మనిషిని ఎంచుకోవడం ఏ రకం ఎంపిక?

3. ఇంటర్వ్యూలో తమ సంఘం వేసిన మొదటి ప్రశ్న, "మీ మీద ఎవరైనా ఫిర్యాదు చేశారా?" అని. నేను గర్వంగా ఒక్కొక్కరి గురించీ చెప్పాను. అద్దెకున్నవాళ్ళ సామాను రోడ్డున పడేసిన మేడల ఆసామి, కూలి ఎగ్గొట్టిన మిల్లు మేనేజరు, నా కరపత్రంలో రాసింది తన గురించేనని తనంతట తానే గుర్తుపట్టిన మునిసిపల్ ఇంజనీరు. సభ్యులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తరువాత లోపలికెళ్ళిన మా తోడల్లుడు అదే ప్రశ్నకు "లేదండి" అన్నాడట. అతను బయటికొచ్చేసరికి నా చేతిలో టీ ఇంకా చల్లారలేదు. ఎవరు చేస్తారండీ అతని మీద ఫిర్యాదు? ఇరవై ఏళ్ళ ప్రాక్టీసులో కుక్కిన పేనులా ఉన్న మనిషి! ఎన్నడూ ఎవరి పక్షానా పెగలని గొంతే తీర్పు చెప్పడానికి అర్హత అయితే, ఆ కుర్చీ మీద ఇంకో కుర్చీ వేస్తే సరిపోతుంది.

4. సంఘానికి సంబంధం లేకపోయినా ఇదీ రాయక తప్పదు. నేను ఆ ఇంటర్వ్యూకు వచ్చింది అతని కోటు తొడుక్కునే. నా నల్లకోటు ఇస్త్రీ దుకాణంలో చిక్కుకుపోయింది. అది నడిపే ఆవిడ అద్దె పెంచి ఇవ్వలేనన్నందుకు దుకాణానికి యజమాని తాళం వేశాడు. లోపల ఇస్త్రీ ఆవిడ పెట్టె, బల్ల, వీధివాళ్ళ బట్టలు, నా కోటు. ఆవిడ కేసు నాదే. తాళం తీయించమని వేసిన పిటిషన్ వినే నాథుడు లేడు. వారానికోసారి పక్క ఊరినుంచి వచ్చే ఇన్‌ఛార్జి జడ్జిగారు "రెగ్యులర్ జడ్జి వచ్చాక చూద్దాం" అని వాయిదా వేసి బస్సెక్కుతారు. ఆవిడ ఇంటింటికీ తిరిగి వాళ్ళ ఇస్త్రీ పెట్టెలతోనే పని చేసి వస్తోంది. కరెంటు బిల్లు చూశాక సగం ఇళ్ళవాళ్ళు వద్దన్నారు.

అప్పుడు మా తోడల్లుడు తన పాత కోటు పట్టుకొచ్చి, "చేతులు కాస్త పొట్టవుతాయేమో అన్నయ్యా, సర్దుకో" అన్నాడు. తను కొత్తది కుట్టించుకున్నాడు. మణికట్లు బెత్తెడు బయటపెట్టుకుని తమ ముందు కూర్చున్నాను. తాము చూశారు.

5. ఫలితం తెలిసిన రోజు మా మామగారు ఫోను చేసి, "చిన్నల్లుడు మాట్లాడడయ్యా, అందుకే పైకొచ్చాడు. నువ్వేమో మాట్లాడుతూనే ఉన్నావు" అన్నారు. మా మరదలు కారు గురించి, క్వార్టరు గురించి, అందులోని గదుల గురించి చెబుతూంటే మా ఆవిడ గంటసేపు ఊఁకొట్టింది. ఈ అర్జీ రాస్తుంటే వెనక నిలబడి చదివి, "ఆయన కోటేసుకుని ఆయన మీదే అర్జీనా?" అంది. ఇప్పుడు కోటు విప్పి రాస్తున్నాను.

6. నియమావళి ప్రకారం గడువులోగా ఒక్క అభ్యంతరం అందినా, విచారణ తేలేదాకా ప్రమాణ స్వీకారం ఆగిపోవాలి. ఇంతకుముందు ఎంపికైనవారినీ ఎవరో ఒకరు ఇలాగే ఆపారు. "ఒక్కడి ఓర్వలేనితనానికి ఊరంతా పడిగాపులా?" అని ఈ నియమం మీద కరపత్రం వేసినవాణ్ణి నేనే. అయినా అది రద్దయ్యేదాకా అందరికీ ఉన్న హక్కు నాకూ ఉంది. పైగా బంధువునైనందున అతని ముందు నేను వాదించకూడదు. ఊళ్ళో ఉన్నది ఒక్కటే కోర్టు. అతను కుర్చీ ఎక్కిన రోజు నేను బస్సెక్కాలి.

కావున ఈ నియామకాన్ని నిలిపివేసి, మార్కులూ అభిప్రాయాలూ బయటపెట్టి, ఎంపిక మళ్ళీ మొదటినుంచి జరిపించవలసిందిగా ప్రార్థన. కోపంలో రాసినదైనా కొట్టిపారేయక చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు
(విధేయతకే మార్కులని ముందే తెలిసి ఉంటే, ముందే అయి ఉండేవాణ్ణి)

తా.క.: పై అర్జీని కవరులో పెట్టి అంటిస్తుండగా ఇస్త్రీ ఆవిడ వచ్చింది.

"సోమవారం కొత్త జడ్జిగారు వస్తున్నారంట కదండీ లాయరుగారూ? మీ బంధువేనంట?"

ఆపిస్తున్నానని చెప్పాను. ఎందుకో కూడా, పై ఆరు అంశాలూ వరసగా చెప్పాను. నిలబడే అంతా వింది.

"ఆయన డబ్బు తింటాడా?"

"తినడు."

"కాగితాలు చదువుతాడా?"

"ఫుల్‌స్టాపులతో సహా చదువుతాడు."

"మరి? మీరూ మీరూ తోడల్లుళ్ళు. మధ్యలో నా పెట్టె ఏం పాపం చేసిందండీ?"

అతని ముందు నేను వాదించడానికి లేదనీ, కేసు వేరే ప్లీడరుకి అప్పగించాలనీ చెప్పాను.

"అప్పగించండి. మీ కోటూ లోపలే ఉందిగా, నన్ను మర్చిపోతారా ఏంటి?" అని వెళ్ళిపోయింది.

అభ్యంతరాల గడువు గురువారం సాయంత్రంతో ముగుస్తుంది. ఈ అర్జీ శుక్రవారం పొద్దున తమ బల్ల మీదికొస్తుంది. నేనే పట్టుకొస్తాను. గడువు మీరినందున తిరస్కరించండి. కాకపోతే చదివి తిరస్కరించండి. మొదటి మూడు అంశాలూ, ఆరోదీ వచ్చే ఖాళీ నాటికైనా సరిచేయండి. ఐదోది తమ వల్ల అయ్యేది కాదు.

తాళం తీసిన రోజు అతని కోటు ఆవిడ చేతే ఇస్త్రీ చేయించి పంపుతాను. చేతులు పొట్టి అని ఒక చీటీ రాసి జేబులో పెడతాను.