బల్ల మీద పెట్టినది

నానక్‌రామ్‌గూడ, 1973

అక్టోబర్ 9

దానియేలు వచ్చి పోయాడు. కొత్త స్కూటర్ మీద. నా భార్య తమ్ముడు వచ్చాడని ఊరంతా తెలియాలి కాబట్టి వాకిట్లో ఆపాక కూడా రెండుసార్లు హారన్ కొట్టాడు. బాలానగర్ కార్ఖానాలో రెండో లేత్ మిషన్ పెట్టాడట.

"బావా, నువ్వు గూడ రా. గేటు కాడ కూసోని వచ్చేటోళ్ల పేర్లు రాసుకునుడే పని. ఈ మందిరంల ఉపదేశి జీతంతోని ఎన్నొద్దులు బతుకుతవ్?"

నవ్వాను. "నాకేం కొదువ లేదు" అన్నాను. ఆ మాట వినగానే అతని మొహం ముడుచుకుంటుంది, ప్రతిసారీ. అది చూడడం నాకు ఇష్టం. ఇక్కడ తప్ప ఇంకెక్కడా ఒప్పుకోను.

అక్టోబర్ 10

నిన్న దానియేలు తన అక్కకు చీర తెచ్చాడు, జరీ అంచుది. సుగుణ భుజం మీద వేసుకుని చూసుకుంది. ఇంట్లో అద్దం లేదు... నీళ్ల గంగాళంలోకి వంగి చూసుకుంది.

సాయంత్రం ప్రార్థనలో ఆ చీర తీసి అందరి ముందూ విధవరాలు మరియమ్మ చేతిలో పెట్టాను. సంఘమంతా కళ్లు తుడుచుకుంది. సుగుణ తుడుచుకోలేదు. ఇంటికి వచ్చి కుట్టుమిషన్ ముందు కూర్చుంది, తొక్కుతూనే ఉంది. తప్పు తెలిసి వచ్చి ఉంటుంది.

అక్టోబర్ 21

ఆదివారం. తృప్తి గురించి చెప్పాను. పేరు ఎత్తలేదు. "ఒక ఇంట్లో ఒక స్త్రీ జాకెట్లు కుట్టీ కుట్టీ వేళ్లు అరగదీసుకుంటోంది, దేనికోసం?" అన్నాను. ఊళ్లో ఉన్నది ఒక్కటే మిషన్. తలలన్నీ సుగుణ వైపు తిరిగాయి. మా అమ్మాయి రూతు నేల చూపులు చూసింది.

ప్రసంగం బాగుందని అందరూ అన్నారు.

అక్టోబర్ 29

రూతుకు ఉత్తరం వచ్చింది. మిషనరీల దవాఖానలో నర్సు ట్రైనింగు, జనవరి నుంచి. తల్లీ కూతుళ్లు వంటింట్లో గుసగుసలు.

"ఫీజు, పెట్టె, తెల్లచీరలు, అన్ని నా కుట్టుమిషనే చూసుకుంటది. నువ్వు పరేషాన్ గాకు" అంది సుగుణ.

అంటే ఈ ఇంటికి దేవుడు మిషనా అని అడిగాను.

"మిషన్ గూడ దేవుడే ఇచ్చిండు."

ఇచ్చింది దానియేలు. ఆరేళ్ల కిందట. ఆ సంగతి నేను మర్చిపోతానని వాళ్ల ఆశ.

నవంబర్ 6

సుగుణ వేలికి ఉంగరం లేదు. ఏదని అడిగాను. "గుడ్డకు తట్టుకుంటున్నది. మిషన్ సొరుగుల పెట్టిన. పండుగ బట్టలు మస్తున్నయి, అయినంక పెట్టుకుంట."

పెళ్లినాడు నేను తొడిగిన ఉంగరం దారపుండల మధ్య! తిట్టాను. తల వంచుకుని సూదిలోకి దారం ఎక్కించింది. మొదటిసారికే ఎక్కింది.

నవంబర్ 18

వచ్చే ఆదివారం కోతపండుగ. సంఘపెద్ద యేసోబు ఎప్పటిలాగే చాటాడు: "దేవుడిచ్చిన దాంట్ల మంచిది తెచ్చి బల్ల మీద పెట్టుండ్రి. ఆరాధన అయినంక వేలం. పెట్టినంక వాపస్ తీసుకునుడు లేదు. కావాలంటే వేలంల పాడి కొనుక్కోవాలె."

ఈసారి లేగదూడను ఇస్తున్నాడట. పట్నం నుంచి పాస్టరు అయ్యగారు వస్తున్నారు కదా మరి.

నేను ఏటా ఇచ్చేది గుమ్మడికాయ. ఎవరైనా చిన్న సాయం చేస్తే ఊళ్లో "ఉపదేశి గుమ్మడికాయ" అంటున్నారని మొన్న చెవిన పడింది.

నవంబర్ 25

పొద్దున సుగుణ మందిరం అలకడానికి పోయింది. ఇద్దరు మనుషులను పిలిచి కుట్టుమిషన్ మోయించి పక్కింటి అరుగు మీద ఉంచాను. ఆరాధన మొదలయ్యాక తెప్పించాను. దూడ పక్కన, బల్ల ఎదురుగా.

అయ్యగారు దిగివచ్చి నన్ను కౌగిలించుకున్నారు. "తనకున్నదంతా" అంటూ రెండు కాసులిచ్చిన విధవరాలి కథ ఎత్తుకున్నారు.

సుగుణ బియ్యం పళ్లెంతో వరుసలో వస్తోంది. చూసింది. పళ్లెం వంగి బియ్యం నేల మీద పడ్డాయి. నా దగ్గరికి వచ్చి మెల్లగా అంది—

"అది తీయ్. అది రూతుది."

నేను మెల్లగా చెప్పలేదు. "బల్ల మీద పెట్టింది దేవునిది, సుగుణా" అన్నాను. చివరి వరుస దాకా వినపడింది.

వేలం. చివరి వరుసలో దానియేలు. అతడు పాడిన పాటకు ఊళ్లో ఎవరూ ఎదురు రాలేదు. మిషన్ అతనికే. నేను ఎదురు చూశాను. అతడు కిరాయి టెంపో పిలిపించి, మిషన్‌ను దగ్గరుండి తాళ్లతో కట్టించాడు.

"అత్త సొమ్ము అల్లుడు దానం చేసిండంటరు. నువ్వు బామ్మర్ది సొమ్ము చేసినవ్ బావా. వేలంల కొన్న. ఇగ నాది."

నవంబర్ 26

రాయకూడనిది రాస్తున్నాను.

ఉపదేశి ఇంటి నుంచి వచ్చినది ఎవరు పాడుకున్నా తిరిగి ఉపదేశి ఇంటికే ఇస్తారు. ఈ సంఘంలో అది మర్యాద. సుగుణ పెట్టిన కోడి అట్లాగే రెండేళ్లు వరుసగా ఇంటికి నడిచి వచ్చింది. దానియేలు పాడుకుంటాడు, "మా అక్కకే ఇస్తున్న" అంటాడు, పొద్దుగూకేసరికి మిషన్ దాని చోట్లో ఉంటుంది... డబ్బు అతనిది, పేరు నాది. అట్లా లెక్క వేసుకున్నాను. నా బుద్ధి అది. కొట్టివేయను, ఉండనీ.

నవంబర్ 28

సుగుణ మాట్లాడడం లేదు. మంచిదే. ఇల్లు ప్రశాంతంగా ఉంది.

డిసెంబర్ 3

కత్తిరించి పెట్టిన జాకెట్లు చాప మీద కుప్పగా ఉన్నాయి. ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి ఎవరి గుడ్డ వాళ్లు ఏరుకుపోతున్నారు. "పండుగకు పక్కూరు నర్సింగిల కుట్టించుకుంటం తియ్, సుగుణక్కా. నువ్వేం జేస్తవ్ పాపం." సుగుణ ఎవరి ముక్కలు వారికి మూట కట్టి ఇస్తోంది. నేను గుమ్మంలో కూర్చుని ఆశకు అంతు ఉండదని ఒకామెకు చెప్పాను. ఆమె తన మూట తీసుకుని నన్ను దాటుకుని పోయింది.

డిసెంబర్ 10

సుగుణ పొద్దున్నే నడిచి సడక్ మీదికి పోయి బస్సెక్కింది. బాలానగర్. తమ్ముడి ఇంట్లో ఉండి, అదే మిషన్ మీద కుడుతుందట. నన్ను అడగలేదు. చెప్పింది రూతుకు. రూతు నాకు చెప్పింది.

డిసెంబర్ 26

క్రిస్మస్‌కు నాకు చొక్కా కుట్టింది సుగుణ. మడత విప్పకుండా తీసుకుపోయి యేసోబుకు ఇచ్చాను. చేతులు అతనికి పొడుగు, మడుచుకుని తిరుగుతున్నాడు. నా కొలత. కొలత తీసుకోకుండానే కుట్టింది.

1974

జనవరి 7

రూతు వెళ్లింది. కొత్త రేకు పెట్టె. "నాయినా, జర ప్రార్థన చెయ్యి" అని మోకరించింది. చేశాను. జీతం మీది మోజు నుంచి ఈ పిల్లను విడిపించమన్నాను. రోగుల కన్నా రూపాయలను ప్రేమించే రోజు వస్తే ఆ చేతులు పనికి రాకుండా చేయమన్నాను.

రూతు ఆమెన్ అనలేదు. లేచి మోకాళ్ల మట్టి దులుపుకుంది. సుగుణ పెట్టె ఎత్తుకుంది. ఇద్దరూ వెనక్కి చూడకుండా నడిచారు.

ఎందుకట్లా చేశాను... ఆ నోటితోనే సాయంత్రం కీర్తన పాడాను.

మార్చి 2

సుగుణ శనివారాలు మాత్రం వస్తోంది. బియ్యం, పప్పు పెట్టి, ఇల్లు ఊడ్చి, ఆదివారం ఆరాధన కాగానే బస్సు.

మార్చి 23

రాలేదు.

మార్చి 30

రాలేదు.

ఏప్రిల్ 11

నూనె లేదు. మిరపకాయలు లేవు. రేషన్ షాపు ముందు కిరసనాయిలు కోసం రెండు పూటలు నిలబడి ఖాళీ డబ్బాతో వచ్చాను. జీతం వచ్చిన నాలుగు రోజులకే చేయి ఖాళీ. ఎప్పుడూ ఇంతే జీతం కదా, మరి ఇంతకుముందు ఎట్లా సరిపోయింది?

ప్రశ్న రాశాక జవాబు తెలిసింది. ఆరేళ్లుగా ఈ ఇంట్లో ఉప్పు, పప్పు, దీపంలో చమురు అన్నీ ఆ పెడల్ కిందినుంచే వచ్చాయి. ఆమె తొక్కింది, నేను తృప్తిగా ఉన్నాను.

జులై 16

నాట్లు. మరియమ్మ పొలంలో వంగి నాటు వేస్తోంది. జరీ చీర గోచీ బిగించుకుంది, అంచు బురదలో నానుతోంది. "ఉపదేశీ, మంచిగ ఆగుతున్నది చీర" అంది, నన్ను చూసి.

ఇంటికి పోయేటప్పుడు గిన్నెలో ఇంత తోటకూర పప్పు ఇచ్చి పోయింది. తిన్నాను. గిన్నె నాకేశాను కూడా. ఎవరూ చూడలేదు.

ఆగస్టు 20

బాలానగర్ పోయాను. గట్టిగా చెప్పి తీసుకురావాలని. దారి పొడుగునా మాటలు సర్దుకున్నాను. భార్య ధర్మం, సాక్ష్యం చెడడం, సంఘం ఏమనుకుంటుంది...

కార్ఖానా ఆవరణలోనే దానియేలు ఇల్లు, పక్కన రేకుల గది. సుగుణ మిషన్ మీద ఉంది. చుట్టూ నలుగురు ఆడపిల్లలు కుట్టు నేర్చుకుంటున్నారు. ఏదో చెప్పి నవ్వుతోంది. ఆమె పైపళ్లలో ఒకటి కొంచెం వంకర. చాలా ఏళ్లయింది చూసి.

నన్ను చూసి నవ్వు ఆపింది. కోపంగా ఆపలేదు, పని మధ్యలో ఎవరో వస్తే ఆపినట్టు. "అన్నం తిన్నవా?" అంది.

చేపల పులుసు వాసన వస్తోంది. నేను ఆఖరిసారి తిన్నది ముందురోజు మధ్యాహ్నం.

"నాకేం కొదువ లేదు" అన్నాను.

తల ఊపింది. మళ్లీ తొక్కడం మొదలుపెట్టింది. రెండోసారి అడగలేదు. అడిగితే తిందును. సర్దుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. దానియేలు గేటు దాకా వచ్చి, "మింగ మెతుకు లేదు గని మీసాలకు సంపెంగ నూనె" అన్నాడు. నాకు మీసాలు లేవు. గేటు కాడ పేర్లు రాసుకునే ముసలాయన నా పేరు అడిగి రాసుకున్నాడు.

నవంబర్ 17

వచ్చే ఆదివారం కోతపండుగ. నన్నే ప్రసంగం చెప్పమని అయ్యగారు కబురు చేశారు. పోయిన ఏడాది త్యాగం ఎవరూ మర్చిపోలేదట. తృప్తి మీదే చెప్పాలట.

నవంబర్ 24

పొద్దుపోయాక రాస్తున్నాను.

సుగుణ వచ్చింది, తమ్ముడి స్కూటర్ వెనుక. రూతుకు సెలవు దొరకలేదట. ప్రసంగం చెప్పాను. బాగానే చెప్పాను, మరియమ్మ ఏడ్చింది.

అర్పణ వేళ సుగుణ లేచి వచ్చింది. నా గుమ్మడికాయ పక్కన చిన్నదేదో పెట్టి వెనక్కి తిరిగింది. యేసోబు దాన్ని వేళ్లతో ఎత్తి పట్టుకున్నాడు.

"సుగుణమ్మా, ఇది నీ లగ్గం ఉంగరం గదా?"

"పోయినేడు ఆయనే పెట్టిండు బల్ల మీద. మిషన్ సొరుగుల ఉండె. మా తమ్ముడు కొన్నడు, నాకిచ్చిండు. ఇప్పుడు నేను పెడుతున్న."

గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. ఏడాదిగా ఆ సొరుగు సంగతి నాకు గుర్తే రాలేదు.

"ఉపదేశీ, ఏం జెయ్యాలె?" అన్నాడు యేసోబు.

అందరూ నన్నే చూస్తున్నారు. "బల్ల మీద పెట్టింది దేవునిది" అన్నాను. ఇంకేమనగలను?

కోళ్లు పోయాయి, బియ్యం పోయాయి, గుమ్మడికాయ పోయింది. ఉంగరం మిగిలింది. ఎవరూ పాడరు. మొగుడు ఎదురుగా ఉండగా అతని భార్య ఉంగరం ఎవరు పాడతారు? దానియేలు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. యేసోబు ధర తగ్గించాడు. ఇంకా తగ్గించాడు. చివరికి బతిమాలాడు. "ఉపదేశీ, కోడిగుడ్డు పాటి ధర చెప్పినా కొట్టేస్త. ఒక్క మాట అను."

జేబులో చేయి పెట్టాను. ప్రసంగం రాసుకున్న చీటీ తప్ప ఏమీ లేదు. లేకపోయినా పాడొచ్చు, వారంలో ఇచ్చుకోవచ్చు, ఎవరూ కాదనరు. సుగుణ నా వైపు చూసింది, ఏడాదిలో మొదటిసారి తిన్నగా. ఎదురు చూస్తోంది. ఒట్టు, ఎదురు చూసింది.

నోరు తెరిచాను. "నాకేం కొదువ లేదు" అన్నాను.

అలవాటు. నోటికి అదొక్కటే వచ్చు. వెనుక ఎవరో నవ్వారు. దానియేలు కాదు. సుగుణ చూపు తిప్పుకుంది. యేసోబు "ఒకటోసారి" అన్నాడు. "రెండోసారి" అన్నాడు. మూడోసారి అనలేక ఉంగరం చేతిరుమాలులో చుట్టాడు.

నవంబర్ 25

పాడనిది ఏదైనా మందిరం బీరువాలో వారం ఉంచుతారు, ఆలోగా ఎవరైనా ధర కట్టి తీసుకోవచ్చు. తర్వాత పట్నం పంపుతారు. నిన్న స్కూటర్ ఎక్కబోతూ సుగుణ అంది, నాతోనో, తమ్ముడితోనో తెలియదు—

"వచ్చే ఐతారం దాక బీరువల ఉంటదంట."

అంతే.

బీరువా తాళంచెవి నా దగ్గరే, గోడ మేకుకు. కానీ తీసుకుంటే దొంగతనం. ధర కట్టాలంటే చేబదులు అడగాలి. అడగాల్సింది యేసోబును. నాలుగిళ్ల అవతల, నా కొలత చొక్కా చేతులు మడుచుకుని గడప మీద కూర్చుని ఉన్నాడు. "నాకు కావాలి" అనాలి. రెండు మాటలు.

పొద్దున చొక్కా తొడుక్కున్నాను. విప్పాను. మధ్యాహ్నం గంజి తాగి మళ్లీ తొడుక్కున్నాను. గుండీలు పెట్టుకున్నాను. యేసోబు లేచి లోపలికి పోయేదాకా గుమ్మంలోనే నిలబడ్డాను.

ఇంకా ఆరు రోజులు ఉన్నాయి.