చెప్పుల గుర్తులు

ఇమ్మాన్యుయేల్ బావా,

మొక్కజొన్న కంకి పట్టకముందే చూసి రమ్మన్నావుగా, వినగడప ఊరి వెనకాల నువ్వు చెప్పిన గుట్ట ఎక్కొచ్చాను. అడవిపందులు బాగానే తిరుగుతున్నాయి, నేలంతా పెళ్లగించాయి.

కానీ అక్కడ కరెంటు తీగ పెట్టొద్దు. వాటి దారిలోనే చెప్పుల గుర్తులున్నాయి. పోయినేడు వాగు ఒడ్డున కూడా ఇలాంటివే చూశాను. నావేలే అనుకుని, "మనుషులు తిరగరు, పెట్టెయ్ బావా" అన్నాను. మూడోరోజే మన దేవానందం ఆ తీగ తగిలి పోయాడు.

ఈసారి గుర్తు పక్కన నా కాలు పెట్టి చూశాను. చిన్న పాదం బావా. దేవానందం వాళ్లావిడ జోజమ్మ పుల్లలకి అటే వెళ్తోందట.

నిన్న ఆవిడ మా కొట్టుకి వచ్చి, "అన్నయ్యా, ఆ తీగ ఎవరు పెట్టారో ఇక్కడెవరైనా అనుకుంటే నాకు చెప్పవా" అంది. చెప్తాలేమ్మా అన్నాను.

ఆదివారం చర్చి అవగానే రా బావా. ఇద్దరం కలిసే వెళ్లి చెబుదాం.