ఖాళీగా కనబడిన ఫోల్డర్

సూరత్,
9 జూన్ 2021.

జనార్దన్ గారికి నమస్కారం.

కరోనా వల్ల ఇంటి నుంచి పని చేయమన్నాక కూడా మీ భార్య శేషారత్నం గారు ఆ రోజు ఆఫీసుకు ఎందుకు వచ్చారని మీరు ఫోన్‌లో అడిగారు. ఇక్కడ కంప్యూటర్లు చూసేది నేనే. జవాబు నాకు తెలుసు, ఇప్పుడు రాస్తున్నాను.

మా దగ్గర ఎవరు ఏ ఫైలు సేవ్ చేసినా అది ఆఫీసు సర్వర్‌లోకి వెళ్తుంది. ఇంట్లో పనిచేసేవాళ్ల ల్యాప్‌టాప్‌లో కూడా కాపీ ఉండేలా సెట్టింగ్ మార్చాలి. అందరికీ మార్చాను. మేడమ్ ల్యాప్‌టాప్‌ను మాత్రం ఆఫీసులో ఉండే కంప్యూటర్ల జాబితాలోనే వదిలేశాను. ఆ కాపీ లేక, గోడాదరాలో మీ ఇంట్లో ఆమెకు ఫోల్డర్ ఖాళీగా కనబడింది. మూడు రోజులు ఫోన్ చేశారు. నేను జాబితా చూడకుండానే రీస్టార్ట్ చేయమన్నాను.

“నాలుగుసార్లు చేశాను బాబూ. పెన్షన్ ఫైళ్లు ఆగిపోతున్నాయి. రేపు నేనే వచ్చి చూసుకుంటాలే,” అన్నారు.

వచ్చారు. ఆఫీసులో ఫైళ్లన్నీ కనబడ్డాయి. సాయంత్రం దాకా కూర్చుని పని చేశారు. నాలుగు రోజులకు జ్వరమని మీరు కబురు పంపారు.

ఆమె పోయిన పదో రోజున జాబితా తెరిచి సరిచేశాను. ఫిర్యాదుల రిజిస్టర్‌లో ఆ రోజు నేను రాసింది మాత్రం అలాగే ఉంది: “ఉద్యోగి ఆఫీసుకు వచ్చారు. సమస్య తీరింది.”

ఇట్లు,
ఆ ఫోన్లు ఎత్తినవాడు