బీరువాలో తెల్లగౌను

ప్రియమైన గ్రీజు దొరగారికి,

ఓడ ఇంజిన్ గదిలో చెమటలు కక్కుతూ ఇది చదువుతుంటారు. చెల్లికి ఆడపిల్ల పుట్టింది, ఇద్దరూ క్షేమం. వచ్చే నెల జ్ఞానస్నానం. బిడ్డని ఎత్తుకుని నన్ను జ్ఞానతల్లిగా నిలబడమంటోంది. కుదరదన్నాను. ముఖం మాడ్చుకుంది.

మన బిడ్డ తలమీద చుక్క జ్ఞానస్నానం నీళ్లు పడకుండానే పోయింది. నేనింకా ఆపరేషన్ మత్తులో ఉన్నాను. ఫాదర్‌గారు వచ్చేసరికి అంతా అయిపోయింది. "దేవుని దయకు అప్పగిద్దామమ్మా, ఆయన చేయి విడువడు" అన్నారు. ఆ మాటతో నా మనసు కుదుటపడలేదు. దానికోసం కుట్టిన తెల్లగౌను ఇన్నేళ్లుగా బీరువాలో అలాగే ఉంది. ఏ మొహం పెట్టుకుని ఇంకో బిడ్డకి కొవ్వొత్తి పట్టుకోను?

మీ కత్తెరమ్మ

* * *

ప్రియమైన కత్తెరమ్మకు,

ఊళ్లో పిల్లలందరికీ గౌన్లు కుడతావు, సొంత చెల్లి బిడ్డని ఎత్తుకోవడానికి నీకేం నొప్పి? నీ తిట్లు ఇక్కడికి వినబడవనే ధైర్యంతో అడుగుతున్నాను.

నీళ్ల సంగతి మాత్రం తవ్వకు. ఆ పొద్దున నాకు తోచింది నేను చేశాను. అది చెల్లదులే, అందుకే నీతో అనలేదు. ఎన్నోసార్లు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. వచ్చాక చెప్తాను. చెల్లిని ఏడిపించకు.

నీ గ్రీజు దొర

* * *

ప్రియమైన మూగదొరగారికి,

మీరు వచ్చేదాకా ఆగే ఓపిక నాకెక్కడిది? చెల్లిని చూపించడానికి అదే ఆస్పత్రికి వెళ్లినప్పుడు, ఆ రోజు మన పాప దగ్గరున్న నర్సక్కని పట్టుకుని నిలదీశాను.

"మీ ఆయన పాపనుంచిన గాజుపెట్టె బయట నిలబడి ఏడుస్తున్నాడమ్మా. లోపలికి చెయ్యి పెట్టే వీలు నాకే ఉంది. 'అక్కా, నీళ్లు పోసి నేను చెప్పే మాటలు చెప్పు' అన్నాడు. నేను మీ మతం కాదయ్యా అన్నాను. 'మావాళ్లు చేసేదే చెయ్యి, చాలు' అన్నాడు. సిరంజితో పాప తలమీద నీళ్లు పోశాను. పేరడిగితే తడబడ్డాడు."

పేరు అనుకోలేదుగా మనం. కడుపులో ఉండగా నేను పిలిచిందే చెప్పారట. "బఠాణీ, పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున నేను నీకు జ్ఞానస్నానమిచ్చుచున్నాను" అందట ఆవిడ, నవ్వకుండా. ఆస్పత్రి వరండాలో కూర్చుని నేను నవ్వాను, తర్వాత ఏడ్చాను.

నేరుగా ఫాదర్‌గారి దగ్గరికి వెళ్లాను. నీళ్లు తలమీద పారాయా, పోసినావిడే మాటలు చెప్పిందా, శ్రీసభ చేసేదే చేయాలనుకుందా అని అడిగారు. అన్నిటికీ అవునన్నాను.

"అయితే చెల్లకపోవడమేంటమ్మా? ప్రాణం మీదికొస్తే ఎవరైనా ఇవ్వొచ్చు, క్రైస్తవులే కానక్కర్లేదు. జ్ఞానస్నానమంటే అందరూ పాపం కడగడమే అనుకుంటారు. క్రీస్తుతో కలిసి చావులో మునగడం, ఆయనతో కలిసి లేవడం కూడా అదే. నీ బిడ్డ ఆ నీళ్లలో మునిగింది, లేస్తుంది."

చెల్లదనుకుని ఇన్నేళ్లు ఒక్కరే మోశారు, మొద్దుమనిషి. మీమీద కోపంగా ఉంది. మీరు పక్కన లేరని అంతకంటే దిగులుగా ఉంది.

నిన్న చర్చిలో చెల్లి బిడ్డని ఎత్తుకుని జ్ఞానతల్లిగా నిలబడ్డాను. నర్సక్కని పిలిచి మొదటి బెంచీలో కూర్చోబెట్టాను. బీరువాలో గౌను ఉందిగా, అదే తొడగమంది అమ్మ. ఈ పిల్లకి కొత్తది కుట్టాను, ఆ గౌనుకి సొంతదారు ఉంది అన్నాను.

ఇట్లు,
బఠాణీ వాళ్లమ్మ