రంగూన్ మన్ను

1942 జనవరి 28

ఎదురింటి పరదేశి బాబాయి రంగూన్ నుంచి స్టీమర్‌లో వచ్చాడు. అక్క పంపిన బిస్కట్ డబ్బా ఇచ్చాడు. అందులో అక్క పెరటి మన్ను, ఆ మన్నులో ఒక మొక్క. తెల్లపూలు పూస్తుందట, పేరు మరిచిపోయాడు. వచ్చే స్టీమర్‌కి తానూ వస్తానని అక్క కబురు. మొక్కను మన్నుతో సహా బీరపాదు పక్కన పాతాను.

ఫిబ్రవరి 19

ఆ మన్నులో వానపాములున్నాయి. మన వాటిలా బద్ధకపువి కావు, ముట్టుకుంటే ఎగిరిపడతాయి. పిల్లలు పెట్టినట్టున్నాయి. నేలంతా కాఫీ పొడిలా గుల్లైంది, బీరపాదు వాలిపోతోంది. అయినా కోపం రాదు. అక్క పాదాల కింద తిరిగినవి కదా. పొద్దున్నే అక్కడ చతికిలబడి చూస్తాను. నేల మెల్లగా కదులుతుంది. అక్క ఆ కిందనుంచే నడిచి వస్తోందనిపిస్తుంది. పిచ్చి ఆలోచనే. బాగుంది.

మార్చి 10

యుద్ధంలో రంగూన్ శత్రువుల చేతికి పోయిందట. ఇక స్టీమర్లు లేవు.

మార్చి 22

పక్కింటి కాసులమ్మ ఆ మొక్క పిలక ఒకటి అడిగింది. తల్లిమన్ను లేందే మొక్క బతకదంటారు మా వీధిలో. నేనూ ఓ గుప్పెడు వేసి ఇచ్చాను.

ఏప్రిల్ 2

చెరకు ఫారంలో పనిచేసే సత్తియ్యకు బీరపాదు చూపించాను. తవ్వి చూసి మొహం మాడ్చుకున్నాడు. ఇయి మన దేశపువి కావమ్మా, మన్నుతోటే పెరడు పెరడుకీ పాకేత్తాయి అన్నాడు. మొక్క వేళ్లు కడిగి కొత్త మన్నులో పెట్టాలట. పాత మన్ను మీద మరిగే నీళ్లు పొయ్యాలట. ఎవులికైనా ఇచ్చేరా అని అడిగాడు. లేదన్నాను. అక్క మన్నును ఉడకబెట్టడానికి నాకు చేతులు రావు.

ఏప్రిల్ 7

నిన్న విశాఖలో బాంబులు పడ్డాయి. కాసులమ్మ ఎలమంచిలి కూతురింటికి బండి కట్టించింది. బండిలో చట్టి, చట్టిలో నేనిచ్చిన మొక్క! ఆ కూతురు కూరపాదులు నమ్ముకుని బతుకుతోంది. పరుగెత్తి బండికి అడ్డం పడ్డాను. ఉన్నదంతా చెప్పేశాను. ముందే సెబితే ఏటి పోయీది తల్లీ అంది కాసులమ్మ. తిట్టినా బాగుండేది. అదృష్టం, ఇంకా నేలలో పాతలేదు. ఇద్దరం బేసిన్‌లో వేళ్లు కడిగాం. ఆ నీళ్లూ మన్నూ పొయ్యి మీద పెట్టాం.

తరువాత నా పెరటికి వచ్చాను. నా మొక్కను కడిగి చట్టిలోకి మార్చాను. అక్క మన్నంతా తవ్వి, మరిగే నీళ్లు పొయ్యలేక పొయ్యలేక పోశాను. ఆవిరిలో అక్క తలంటుకున్న వాసన వచ్చింది. చాలాసేపు ఏడ్చాను.

మే 16

మొక్క చిగురేసింది. రంగూన్ జనం అడవులు దాటి నడిచి వస్తున్నారట. గుమ్మం పక్కన చెంబుతో నీళ్లు పెట్టాను. అక్క కాళ్లు నేనే కడుగుతాను. ఆ నీళ్లు మాత్రం మరిగించను.