జామీను ఎవరు?

బాపూ,

నువ్వు పోయి ఇవాళ్టికి మూడు నెలలు. గోదాం లైసెన్సు నీ పేరు మీదే ఉండె కాబట్టి అది నీతోనే పోయిందని మార్కెట్ ఆఫీసులో చెప్పారు. నా పేరున కొత్తది ఇవ్వాలంటే ఎవరైనా జామీను ఉండాలట. నీకు జామీనున్న నీ దోస్తునే అడిగాను.

"మీ బాపుకైతే సంతకం పెట్టిన బిడ్డా. నీకు పెట్టాలంటే భయమైతది" అన్నాడు.

అప్పటినుంచి ఎవరి సరుకూ దించుకోలేదు. గోడ మీది నీ పాత లైసెన్సును మాత్రం తీయలేకపోయాను.

ఇవాళ కందుకూరు మల్లమ్మ మక్కజొన్నల బస్తాలతో వచ్చింది. మబ్బు కమ్ముకొచ్చింది, ట్రాలీ మీద టార్పాలిన్ కూడా లేదు.

"శంషాబాద్‌ల ఒక గోదామోడు రైతుల బస్తాలమ్ముకొని పారిపోయిండట. మీకు లైసెన్సున్నదా?" అంది.

గోడ వైపు చూపించాను.

"జామీను ఎవరు?"

"మా బాపు" అనేశాను.

"గట్లయితే ఫికర్ లేదు. ఏడి, కనబడతలేడు?"

"ఊరికి పోయిండు."

బస్తాలన్నీ దించాక రసీదు అడిగింది. నీ పాత పుస్తకంలోంచి చింపి, నీ సంతకం నేనే పెట్టిచ్చాను. ఇప్పుడు ఈ ఉత్తరం కింద నా పేరు రాద్దామంటే చెయ్యి రావడం లేదు.