హమూంగా ఎత్తిన గేటు

అమ్మా, నేను కులాసాగానే ఉన్నాను, బెంగపెట్టుకోకు.

ఆఫ్రికా దేశాలన్నీ కలిసి వేసుకుంటున్న, నేను పనిచేస్తున్న రోడ్డు సరిహద్దు దాటింది కానీ, గేట్లూ అనుమతి కాగితాలూ ఏ దేశానివి ఆ దేశానివే. మొన్న మలావి నుంచి సరిహద్దు దాటి మన దేశపు ఆసుపత్రికి కాన్పు నొప్పులతో వస్తున్న ఒకామె వ్యానును కాగితం లేదని ఆపారు. ఆమె అత్తగారు మన వైపు గేటు కాపలాదారు హమూంగాతో, "నాయనా, కడుపులో బిడ్డక్కూడా కాగితం కావాలా?" అంది. అతను పైవాళ్లను అడక్కుండానే గేటు ఎత్తేశాడు. తల్లీబిడ్డా క్షేమం. ఇవాళ రెండు దేశాల అధికారులూ కూర్చుని, రోగుల బళ్లను ఇక ఆపకూడదని ఒప్పుకున్నారు. హమూంగాను మాత్రం సస్పెండు చేశారు.

వానలకు ముందే కప్పు గడ్డి మార్పించుకో. మన వీధి చివరింట్లో ఉన్న హమూంగా భార్యకు కాస్త మొక్కజొన్న పిండి ఇచ్చిరా. "తప్పు చేసి కాదు, మంచి పని చేసే ఇంటికొస్తున్నాడు" అని నా మాటగా చెప్పు.

చెల్లికి దీవెనలు.

నీ ముతింతా